వెండికి రెక్కలు: మాట నమ్మి కాదు, ముద్ర చూసి కొనాలి

మచిలీపట్నం: బంగారం ధర సామాన్యుడికి అందకుండా పోయి చాలాకాలమైంది. ఇప్పుడు వెండి కూడా అదే దారి పట్టింది. 2025 జనవరిలో కిలో 90 వేల రూపాయల ప్రాంతంలో ఉన్న వెండి, అదే సంవత్సరం డిసెంబరులో రెండు లక్షలు దాటింది. పిల్ల కాళ్లకు పట్టీలు, పెళ్లికూతురికి మెట్టెలు, పసివాడికి మొలతాడు, బారసాలకు ఉగ్గుగిన్నె కొనక తప్పని డెల్టా గ్రామాల కుటుంబాలకు ఇది పెద్ద బరువైంది.

ధర పెరగడం కొనేవారి చేతిలో లేదు. కాని ఇచ్చిన సొమ్ముకు సరిపడా వెండి వచ్చిందో లేదో చూసుకోవడం మాత్రం వారి చేతిలోనే ఉన్నది. గ్రాము వంద రూపాయల లోపు ఉన్న రోజుల్లో వెండిలో కల్తీ ఎంతో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గ్రాము రెండు వందలైనప్పుడు అదే కల్తీ ఒక కుటుంబం నెల సంపాదనను తినేస్తుంది. ఈ సమయంలో కృష్ణా జిల్లా వాసులు ఒకసారి చిలకలపూడి వంక చూడటం మంచిది.

గిల్టు అని చెప్పి అమ్మిన ఊరు

గుడివాడ నుంచి రైలులో వచ్చేవారికి పెడన దాటాక, బందరు చేరేముందు వచ్చే స్టేషను చిలకలపూడి. పాండురంగస్వామి ఆలయంతో పాటు ఈ ఊరికి పేరు తెచ్చినది రోల్డుగోల్డు. ‘చిలకలపూడి బంగారం’ అన్నమాట తెలుగువారి నోట నానుడిగా మారింది. ఆ మాటను వెటకారానికి వాడేవారు ఉన్నారు గాని, నిజానికి అది ఈ ఊరి నిజాయితీకి సాక్ష్యం. ఇక్కడి నగను కొన్నవారు బంగారమని భ్రమపడి కొనలేదు. లోపల రాగి లేదా ఇత్తడి, పైన బంగారు పూత అని తెలిసే కొన్నారు. అమ్మేవారూ అలాగే చెప్పి అమ్మారు.

1963 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బంగారపు నియంత్రణ తెచ్చి, 14 క్యారట్లకు మించిన శుద్ధతతో కొత్త నగలు చేయరాదన్నది. దేశమంతటా కంసాలి కుటుంబాలు పని లేక అల్లాడాయి. 1968లో అది చట్టమై, 1990లో రద్దయింది. అటువంటి కాలాలలో బంగారం పెట్టుకోలేని ఇళ్లకు కవరింగు నగ ఆదుకున్నది. ఈనాటికీ బందరు పరిసరాలలో వేలాదిమంది ఈ పని మీద బతుకుతున్నారు. తీగె లాగడం, అచ్చు కొట్టడం, అతకడం, రాళ్లు పొదగడం, పూత వేయడం వరకు ఒక్కో నగ ఎన్నో చేతులు మారుతుంది. ఆ చేతులలో ఇళ్ల వద్ద కూర్చుని పనిచేసే మహిళలవి ఎక్కువ.

ఇలా చూస్తే కొనేవారిని ముంచేది గిల్టు నగ కాదు. వెండి అని చెప్పి, అందులో వెండి ఎంత ఉన్నదో చెప్పకుండా అంటగట్టే నగ.

925 అంటే ఏమిటి?

మేలిమి వెండి చాలా మెత్తనిది. దానితో చేసిన పట్టీ నాలుగు రోజులు నడిస్తే వంగిపోతుంది, మువ్వలు రాలిపోతాయి. అందుకని గట్టితనం కోసం రాగి కలుపుతారు. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, 75 పాళ్లు రాగి లేక ఇతర లోహం ఉంటే దానిని స్టెర్లింగు వెండి అంటారు. ఈ ప్రమాణం ఇంగ్లండు నుంచి వచ్చింది. 1300లోనే అక్కడ ఈ శుద్ధతకు తగ్గిన వెండి సామాను అమ్మరాదని చట్టం చేసి, పరీక్షించిన సామాను మీద ముద్ర వేయించారు. అంటే వెండికి ముద్ర అన్నది ఏడు వందల ఏళ్ల నాటి మాట.

మన బజారులో 990, 925, 800 శుద్ధతల వెండి ఉన్నది. వీటిలో ఏదీ తప్పు కాదు. 800 వెండిని 800 అని చెప్పి ఆ ధరకే అమ్మితే మోసం లేదు. ఏ శుద్ధతో చెప్పకుండా అన్నిటికీ మేలిమి ధర వసూలు చేయడంలోనే చిక్కంతా ఉన్నది.

పట్టీల తయారీకి దేశంలో పేరుపడిన ఊళ్లు తమిళనాడులోని సేలం, ఉత్తరప్రదేశ్‌లోని ఆగ్రా, మహారాష్ట్రలోని హుపరి. అవనిగడ్డలోనో గుడివాడలోనో కొన్న పట్టీ ఎక్కడో వందల మైళ్ల దూరంలో తయారై ఉండవచ్చు. పూర్వం ఊరి కంసాలి కళ్లెదుటే కరిగించి చేసేవాడు. తేడా వస్తే అతని అరుగు మీదే కూర్చుని అడిగేవారు. ఇప్పుడు చేసినవాడెవరో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. కొట్టు యజమాని మంచివాడే కావచ్చు. అతని మంచితనం నగలోని రాగిని వెండిగా మార్చదు.

తేడా ఎంత పడుతుంది?

వంద గ్రాముల పట్టీల జత తీసుకుందాము. లెక్క సులువుగా ఉండటానికి కిలో వెండి రెండు లక్షలు, అంటే గ్రాము 200 రూపాయలు అనుకుందాము. మేలిమి లెక్కన జత విలువ 20 వేలు. అది 925 అయితే అందులోని వెండి విలువ 18,500. అది 800 అయితే 16 వేలు. టంకం ఎక్కువ పెట్టి, తక్కువరకం లోహంతో చేసి వెండి 65 పాళ్లే ఉంటే 13 వేలు.

మేలిమి ధర ఇచ్చి 65 పాళ్ల వెండి తెచ్చుకున్న కుటుంబం కొన్న క్షణానే 7 వేలు పోగొట్టుకున్నట్లు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన ఇది 22 రోజులకు మించిన కష్టం. మజూరీ, తరుగు, 3 శాతం జి.ఎస్.టి. వీటికి అదనం.

ఈ నష్టం కొన్నరోజున కనపడదు. ఏ అయిదేళ్లకో ఎరువులకో, ఆసుపత్రికో డబ్బు అవసరమై పట్టీలు తీసుకుపోయినప్పుడు ‘ఇందులో వెండి తక్కువమ్మా’ అని వినపడుతుంది. అప్పటికి బిల్లు ఉండదు, అడిగే దారీ ఉండదు.

ముద్ర ఎలా చూడాలి?

భారత ప్రమాణాల సంస్థ బంగారానికి 2000లో, వెండికి 2005లో హాల్‌మార్కు పద్ధతి ప్రవేశపెట్టింది. బంగారు నగల మీద 2021 జూన్ నుంచి అనేక జిల్లాలలో దీనిని తప్పనిసరి చేశారు. వెండి విషయంలో 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రతి నగకు వేరు వేరు గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతి మొదలైంది. అయితే మొదలుపెట్టినప్పుడు దానిని వ్యాపారి ఇష్టానికే విడిచిపెట్టారు. కనుక ముద్ర ఉన్న వెండి కావాలని అడగవలసినవారు కొనేవారే.

హాల్‌మార్కు వెండి నగ మీద చూడవలసినవి మూడు. మొదటిది, ప్రమాణాల సంస్థ త్రికోణపు గుర్తు, దానితో పాటు ‘సిల్వర్’ అన్న ఇంగ్లీషు మాట. రెండవది, 925 వంటి శుద్ధత అంకె. మూడవది, అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు స్థానాల హెచ్.యు.ఐ.డి. సంఖ్య. ఈ సంఖ్యను ‘బి.ఐ.ఎస్. కేర్’ అనే ఫోను యాప్‌లో కొడితే ఆ నగ వివరాలు కనపడతాయి. ఇంట్లో చదువుకున్న పిల్లలను వెంట తీసుకుపోతే కొట్టులోనే నిమిషంలో చూసి చెబుతారు.

నగ మీద ఉత్త 925 అంకె ఉంటే చాలదు. ఆ అంకెను ఎవరైనా కొట్టగలరు. త్రికోణం, సంఖ్య లేని 925 వ్యాపారి మాటే గాని పరీక్ష ఫలితం కాదు. ముద్ర వేయించడానికి ఖర్చు ఎక్కువ అన్న మాటా నిలవదు. 2022లో సవరించిన రుసుము ప్రకారం వెండి వస్తువు ఒక్కింటికి 35 రూపాయలు, పైన పన్ను. వేల రూపాయల పట్టీలకు ఇది ఏపాటి?

హాల్‌మార్కు నగలో చెప్పినదాని కంటే శుద్ధత తక్కువని పరీక్షలో తేలితే, తగ్గిన విలువకు రెండింతల పరిహారం, పరీక్ష ఖర్చు కొనుగోలుదారునికి ఇవ్వాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి. ముద్ర లేని నగకు ఈ రక్షణ లేదు.

బిల్లు లేనిదే బేరం లేదు

తెల్ల చీటీ మీద అంకెలు వేసి ఇచ్చేది బిల్లు కాదు. బిల్లులో వెండి బరువు, శుద్ధత, ఆనాటి ధర, మజూరీ, పన్ను విడివిడిగా ఉండాలి. రాళ్లు, పూసలు, దారం ఉంటే వాటి బరువు తీసివేసి వెండి బరువు రాయాలి. తిరిగి ఇస్తే ఎంత తరుగు తీస్తారో కొన్ననాడే రాయించుకోవాలి.

‘మన కొట్టే కదా, బిల్లెందుకు, పన్ను దండగ’ అనే మాటకు లొంగితే పన్ను మిగులుతుంది గాని హక్కు పోతుంది. బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయవచ్చు. మచిలీపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము లేదు.

అయస్కాంతం సరిపోదు

అయస్కాంతానికి అంటుకోకపోతే వెండి అని గ్రామాలలో ఒక నమ్మకం ఉన్నది. అంటుకుంటే అది వెండి కాదన్నది నిజం. అంటుకోకపోతే వెండే అన్నది మాత్రం తప్పు. రాగి, ఇత్తడి కూడా అయస్కాంతానికి అంటుకోవు.

జర్మన్ సిల్వర్ సంగతీ తెలుసుకోవాలి. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి చిటికెడు కూడా లేదు. అది రాగి, నికెలు, తుత్తునాగం కలిసిన లోహం. పూజ సామానుకు, పేరంటాలలో ఇచ్చే భరిణెలకు అది చక్కగానే ఉంటుంది. దానిని దాని ధరకే కొనాలి. నికెలు పడని ఒంటికి దురద, దద్దుర్లు వస్తాయి గనుక చెవులకు, పసిపిల్లలకు వాడకపోవడం మంచిది.

వెండి ఎందుకు నల్లబడుతుంది?

కొన్న ఆరు నెలలకే పట్టీలు నల్లబడితే కల్తీ అని కొట్టువాడి మీదికి పోయేవారు ఉన్నారు. నలుపు ఒక్కటే కల్తీకి గుర్తు కాదు. మంచి వెండి కూడా నల్లబడుతుంది. గాలిలోని గంధకపు ఆవిరి వెండికి తగిలి పైన నల్లని పొర కడుతుంది.

డెల్టాలో గంధకానికి కొదవ లేదు. రొయ్యల చెరువు అడుగున కుళ్లిన నల్ల బురదలో కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుంది. అది గంధకపు వాయువే. మినుము చేలో బూడిద తెగులుకు చల్లే మందులలో గంధకం ఉన్నది. చెరువు గట్ల మీద, మినుము చేలలో పనిచేసే మహిళల పట్టీలు ఇతరుల వాటికంటే త్వరగా నల్లబడటానికి ఇదే కారణం. పనికి పోయే రోజున తీసి పెట్టడం, రాగానే మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవడం మేలు.

శుభ్రానికి కుంకుడుకాయ నురుగు, మెత్తని గుడ్డ చాలు. పళ్లపొడి, టూత్‌పేస్టు, ఇసుక, పీచు పెట్టి రుద్దితే గీతలు పడి వెండి అరుగుతుంది. బాగా నల్లబడిన సాదా వెండికి ఒక ఉపాయం ఉన్నది. గిన్నెలో అల్యూమినియం రేకు పరచి, వేడినీళ్లు పోసి, చెంచాడు తినేసోడా కలిపి, నగ రేకుకు తగిలేలా కొద్ది నిమిషాలు ఉంచాలి. నలుపు విడిచిపోతుంది, వెండి అరగదు. రాళ్లు, ముత్యాలు పొదిగినవాటికి, పూత వేసినవాటికి, నగిషీ కోసం కావాలని నలుపు పెట్టినవాటికి ఈ పద్ధతి పనికిరాదు.

దాచేటప్పుడు రబ్బరు బ్యాండ్లు చుట్టరాదు. రబ్బరులోనూ గంధకం ఉంటుంది. పొడి నూలుగుడ్డలో చుట్టి, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో, తేమ పీల్చుకోవడానికి ఒక సుద్దముక్కతో పెడితే ఏడాదిపాటు తెల్లగా ఉంటుంది. కవరింగు నగను వెండితో కలిపి పెట్టరాదు. దానికి సబ్బు, చెమట, సెంటు శత్రువులు. వాడిన తర్వాత పొడిగుడ్డతో తుడిచి పెడితే పూత ఎక్కువకాలం నిలుస్తుంది.

‘మెరుగు పెడతాం’ అని వచ్చేవారు

మగవారు పొలానికి పోయిన వేళ చూసి, వెండి బంగారాలకు మెరుగు పెడతామని వీధిలోకి వచ్చేవారితో జాగ్రత్తగా ఉండాలి. మొదట ఇత్తడి చెంబు తోమి చూపి నమ్మిస్తారు. వారి గిన్నెలో ఉన్నది ఉత్త సబ్బు నీరు కాకపోవచ్చు. నత్రికామ్లంలో వెండి, రాజద్రావకంలో బంగారం కరుగుతాయి. నగ తళతళలాడుతూ తిరిగి వస్తుంది, బరువు మాత్రం వారి గిన్నెలో మిగిలిపోతుంది. నగను ముక్కూ మొహం తెలియనివారి చేతికి ఇవ్వరాదు. కొట్టులో మెరుగు పెట్టించినా ముందు, తర్వాత తూకం వేయించాలి.

తాకట్టుకూ శుద్ధతే ఆధారం

ముద్ర ఉన్న వెండికి మరొక ప్రయోజనం కలుగుతున్నది. బంగారం, వెండి తాకట్టు రుణాలపై రిజర్వుబ్యాంకు 2025 జూన్‌లో కొత్త ఆదేశాలు ఇచ్చి, రుణసంస్థలు 2026 ఏప్రిల్ 1 లోగా వాటిని అమలు చేయాలన్నది. వెండి నగలు ఒక్కొక్కరికి పది కిలోల వరకు తాకట్టు పెట్టవచ్చు. వెండి కడ్డీలకు ఈ సదుపాయం లేదు. రెండున్నర లక్షల లోపు రుణానికి విలువలో 85 శాతం వరకు ఇవ్వవచ్చు. అప్పు తీరాక ఏడు పనిదినాలలో నగ తిరిగి ఇవ్వకపోతే, తప్పు రుణసంస్థదైతే, రోజుకు 5 వేల రూపాయల చొప్పున చెల్లించాలి.

అయితే విలువ కట్టేది నగలోని వెండికే. మజూరీకి, రాళ్లకు, పనితనానికి పైసా లెక్కించరు. అడ్డగోలు వడ్డీకి పోకుండా బ్యాంకు గడప ఎక్కాలనుకునే కుటుంబానికి ఇంట్లోని వెండి 925 కావడమా, 650 కావడమా అన్నది అప్పు ఎంత పుడుతుందో తేల్చే ప్రశ్న అవుతుంది.

ఈ ధర నిలుస్తుందా?

వెండి ఇంతగా పెరగడానికి కారణం నగలు ఒక్కటే కాదు. సౌరవిద్యుత్ ఫలకాలు, విద్యుత్ వాహనాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు వెండిని మింగుతున్నాయి. గనులలో వెండి చాలావరకు సీసం, తుత్తునాగం, రాగి తవ్వకంలో ఉపలోహంగా వస్తుంది. కనుక ధర పెరిగిందని వెంటనే ఎక్కువ తవ్వలేరు. మన దేశం ఎక్కువ వెండిని దిగుమతి చేసుకుంటున్నది.

అట్లని పెరిగినది పడదని కాదు. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరులు వెండిని పోగుచేయగా ఔన్సు 50 డాలర్ల దగ్గరకు పోయింది. మూడు నెలలు తిరగకుండా, మార్చి 27న 11 డాలర్ల లోపుకు పడిపోయింది. ఆ 50 డాలర్ల మెట్టు దాటడానికి 2025 అక్టోబరు దాకా, అంటే 45 ఏళ్లకు పైగా పట్టింది. శుభకార్యానికి కావలసిన వెండి కొనుక్కోవడం వేరు, అప్పు తెచ్చి లాభం కోసం వెండి పోగేయడం వేరు. రెండవది చిన్న రైతుకు తగని పని.

చిలకలపూడికి పరీక్ష

బంగారం, వెండి రెండూ పెరగడం చిలకలపూడికి ఒక అవకాశం, ఒక పరీక్ష కూడా. కొనలేనివారు కవరింగు వైపు చూస్తారు. కాని రాజ్‌కోట్, ముంబయి సరుకు, విదేశీ సరుకు అదే బజారులో పోటీకి ఉన్నవి. పైగా 925 వెండి మీద బంగారు పూత వేసిన నగలు పట్టణాలలో వాడుకలోకి వస్తున్నాయి. రాగి మీద పూత అయినా, వెండి మీద పూత అయినా కంటికి ఒకటే. తిరిగి అమ్మితే మాత్రం ఒకదానికి దాదాపు ఏమీ రాదు, రెండవదానికి వెండి ధర వస్తుంది. ఇక్కడ మోసానికి చోటున్నది.

కవరింగు నగకు హాల్‌మార్కు వర్తించదు. అటువంటి నగ మీద 916 అని కొట్టి ఉంటే అనుమానించి తీరాలి. దీనికి మందు చిలకలపూడి చేతిలోనే ఉన్నది. లోపలి లోహమేమిటో, పైపూత ఏమిటో, ఎంతకాలానికి పూచీయో ప్రతి నగతోపాటు తెలుగులో ముద్రించిన చీటీ ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. పోతేపల్లిలో ఇమిటేషన్ నగల పార్కు ఉన్నది. అక్కడి తయారీదారులు కలిసి అటువంటి చీటీని పెట్టుకుంటే, ఊరి పేరు మీద వచ్చే నకిలీ సరుకుకు అదే అడ్డుకట్ట. పూత పనిలో వాడే సైనైడు లవణాలు ప్రాణాంతకమైనవి. పనివారికి చేతితొడుగులు, గాలి వెలుతురు ఉన్న గదులు, వాడిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు ఉండేటట్లు అధికారులు చూడాలి.

గ్రామాలలో మహిళా సంఘాల సమావేశాలు ప్రతి నెలా జరుగుతున్నాయి. పెళ్లిళ్ల కాలానికి ముందు ఒక్క సమావేశంలో హాల్‌మార్కు గుర్తులు, యాప్‌లో సంఖ్య చూసే తీరు చూపించగలిగితే ఎన్నో ఇళ్ల సొమ్ము మిగులుతుంది. గిల్టును గిల్టని చెప్పి చిలకలపూడి పేరు నిలుపుకున్నది. వెండి అమ్మేవారు కూడా అంతమాత్రం నిజం చెప్పాలని, ఆ నిజాన్ని బిల్లు మీద రాసి ఇవ్వాలని కొనేవారు అడగాలి. అడగనంతకాలం తూకంలో సగం రాగి, ధరలో మొత్తం వెండి కావడం తప్పదు.